ఎంత నిశ్శబ్దం కావాలి?

కారు డిక్కీ తలుపు చప్పుడు గురించి ఒక సాహిత్య పత్రికకు వ్యాసం రాస్తానని నేనెప్పుడూ అనుకోలేదు. ఇదేం గోల అని మీరనుకోవచ్చు. గోల గురించే రాస్తున్నాను కనుక ఆ మాట నాకు తప్పుగా తోచదు.

మాది వెనక తలుపు మొత్తంగా పైకి లేచే చిన్న కారు. కొని పదకొండేళ్ళయింది. బ్యాంకు ఉద్యోగంలోంచి రిటైరయ్యాక దానికీ నాకూ ఉన్న ముఖ్యమైన పని ఒకటే, మా అమ్మను ఏడాదికి రెండు మూడుసార్లు ఆలూరుకు తీసుకుపోయి తీసుకురావడం. ఆమెకు ఎనభై ఆరేళ్ళు. పుట్టిల్లు ఆలూరు, మెట్టినిల్లు బళ్ళారి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి, బళ్ళారి మైసూరులో కలిసింది. అంతకుముందు ఒకే జిల్లాగా ఉన్న ఊళ్ళ మధ్య, ఆమె కాపురానికి వచ్చేనాటికి రాష్ట్రాల హద్దు పడి ఉంది. ఆ హద్దును ఆమె ఎన్నడూ లెక్క చెయ్యలేదు. ఆమె లెక్కలో దారికి ఒకటే గుర్తు, హగరి. "హగరి దాటినామా?" అని అడుగుతుంది. దాటితే పుట్టింటి గాలి తగిలినట్టే.

ఆ ప్రయాణాల్లో ఆమె వెనక సీట్లో కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది. నేను ముందునుంచి ఏదో చెబుతాను. "ఏమీ?" అంటుంది. గట్టిగా చెబుతాను. మళ్ళీ "ఏమీ?" అంటుంది. మూడోసారి చెప్పబోయేసరికి "సరేలే" అని కిటికీవైపు తిరుగుతుంది. వినబడక కాదు, నన్ను శ్రమ పెట్టడం ఇష్టంలేక. ఆ "సరేలే" నా మనసులో ముల్లులా ఉండిపోయింది.

చెవి డాక్టరు ఒక సంగతి చెప్పారు. వయసుతో పోయే వినికిడి అన్ని ధ్వనుల్లోనూ సమానంగా పోదట. ముందు సన్నని ధ్వనులు పోతాయి. మన మాటల్లో అచ్చులు బలంగా, బొంగురుగా ఉంటాయి. స, త, క వంటి హల్లులు సన్నగా, పలచగా ఉంటాయి. కనుక "పాలు" అన్నా "కాలు" అన్నా "తాలు" అన్నా అమ్మ చెవికి చేరేది "ఆలు" మాత్రమే. మిగిలిన ముక్కను ఆమె ముఖం చూసి, సందర్భం చూసి పూరించుకుంటుంది. వెనక సీట్లో నా ముఖం కనబడదు. పైగా పక్కన ఒక బొంగురు మోత ఎడతెగకుండా ఉంటే, అది సన్నని ధ్వనులను ఇంకా మింగేస్తుంది. మా కారులో ఆ బొంగురు మోతకు పుట్టిల్లు డిక్కీ తలుపు. చిన్న కారు లోపలంతా ఒకే గది కదా! వెనక తలుపు రేకు డోలు చర్మంలా ఆడితే గదంతా డోలయిపోతుంది. ఆ డోలుకు తల ఆనించి కూర్చున్నట్టుగా ఉంది మా అమ్మ పరిస్థితి.

సరే, దీన్ని బాగుచేద్దామని మా వీధి చివర షెడ్డుకు పోయాను. ఆ మేస్త్రీ నాతో తెలుగులో, తన కుర్రాడితో కన్నడంలో, ఫోనులో ఇంటివాళ్ళతో ఉర్దూలో మాట్లాడే మనిషి. తలుపు మీద వేలి కణుపుతో కొట్టాడు. "టంగ్" మంది. పక్కనున్న కొత్త కారు తలుపు మీద కొట్టాడు. "దబ్" మంది. "సూడండి సార్. సప్పుడు తీసేది వేరే, సప్పుడు మూసేది వేరే. మీకేది కావాల?" అన్నాడు.

ఆ రోజు అది బేరంలో మాట అనుకున్నాను. ఇప్పుడు ఈ వ్యాసమంతా ఆ మాటకు వ్యాఖ్యానమే అనిపిస్తోంది.

మొదట అతను ఏ సరుకూ వాడలేదు. నంబరుప్లేటు వెనక మెత్తని స్పాంజి బిళ్ళలు అంటించాడు. తలుపు ఆనుకునే రబ్బరు గుబ్బలను ఒక చుట్టు బయటికి తిప్పాడు. గొళ్ళెం పట్టే కొక్కేనికి గుడ్డపట్టీ చుట్టాడు. స్టెప్నీ పక్కన వదులుగా పడివున్న జాకీని గుడ్డలో చుట్టి కట్టేశాడు. సగం గిలగిల అక్కడే పోయింది. ఖర్చు రెండు టీల డబ్బు.

తర్వాత సరుకులు చూపించాడు. అవి మూడు జాతులు. ఒకటి రేకు ఆడకుండా పట్టి ఉంచేది: ఒక పక్క అల్యూమినియం కాగితం, మరో పక్క జిగురుగా ఉండే బ్యూటైల్ రబ్బరు షీటు. రేకు వణికినప్పుడు ఆ వణుకు జిగురులో నలిగి, కొంచెం వేడిగా మారి, చల్లారిపోతుంది. దీన్ని రేకంతా కప్పనక్కరలేదు, నడుమ నాలుగోవంతునుంచి సగందాకా అంటిస్తే చాలు. దీనికే చౌకరకం తారు షీటు ఉంది. కానీ నలభై డిగ్రీలు దాటే మన బళ్ళారి ఎండలో అది మెత్తబడి వాసన కొడుతుంది, జారుతుంది కూడా. రెండోది చప్పుడును మింగేది: ఫెల్టు, స్పాంజి, దూది పరుపులాంటివి. వాటి పోగుల సందుల్లో గాలి ఒరుసుకుని ధ్వని అరిగిపోతుంది. మన ఊరి జీన్సు కుట్టుపని తుక్కులాంటి పాతగుడ్డ పీచునుంచి కూడా ఈ రకం అట్టలు చేస్తారు. పలచనివైతే సన్నని ధ్వనులనే మింగుతాయి, బొంగురు మోతకు చాలా మందం కావాలి. పైగా నీళ్ళు పీల్చే రకాన్ని తలుపులో పెడితే రేకు తుప్పు పడుతుంది. తలుపు అడుగున నీళ్ళు కారిపోయే చిన్న రంధ్రాలుంటాయి, వాటిని మాత్రం దేనితోనూ మూయకూడదు. మూడోది అడ్డుగోడ: ఖనిజపు పొడి కలిపిన బరువైన వినైల్ షీటు. బయటి ధ్వనిని లోపలికి రానివ్వదు. కానీ ఎక్కడా సందులేకుండా పరిస్తేనే పనిచేస్తుంది. అది చాలా బరువు. తలుపుకు తగిలిస్తే దాన్ని ఎత్తిపట్టే గ్యాసు కడ్డీలు మొయ్యలేవు, ఏదో ఒకనాడు నెత్తిమీద పడుతుంది.

మేస్త్రీ అభిప్రాయంలో మొదటిది చాలు, కావాలంటే రెండోది కొంచెం. నాకు ఆశ ఎక్కువైంది. అమ్మ కోసమని మొదలుపెట్టినవాణ్ణి, ఆ షెడ్డులో నిలబడి నా కోసం కూడా ఆలోచించాను. మూడూ వేయమన్నాను. తలుపుకు బ్యూటైల్, దానిపైన ఫెల్టు; డిక్కీ నేలకు, చక్రాల గోపురాలకు బరువైన వినైల్. పనిలో పనిగా నాలుగు తలుపులకూ వేయించాను. తలుపుల రబ్బరు అంచులన్నీ కొత్తవి. డెసిబెల్ లెక్కల్లో తగ్గింది కొద్దే అయివుంటుంది. పది డెసిబెళ్ళు తగ్గితేగాని చెవికి సగమైనట్టు తోచదట, ఇంట్లో చేసే ఇలాంటి మరమ్మతులతో అంత తగ్గదు. అయినా ఆ బొంగురు మోత పోయింది. తలుపు వేస్తే "దబ్" మంది. పెద్దింటి తలుపు చప్పుడు!

తర్వాతి ఆలూరు ప్రయాణం మరచిపోలేను. "అమ్మా, మందు వేసుకున్నావా?" అని మామూలు గొంతుతో అడిగాను. "వేసుకున్న్యాలే" అంది వెనకనుంచి. ఒక్కసారికే! నేను రోడ్డు మీద చూపు నిలుపుకోవడానికి కష్టపడ్డాను. తన పెళ్ళిలో బండ్లు హగరి ఇసుకలో దిగబడిన కథ, మా తాత పందిట్లో అలిగిన కథ, ఎన్నేళ్ళుగానో ఆ వెనక సీట్లో నోరు కట్టుకుని కూర్చున్న కథలన్నీ ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి.

తిరుగుప్రయాణంలో ఆమె అలసిపోయింది. కథలు ఆగాయి. కారు లోపల చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. అంత మంచి నిశ్శబ్దం ఊరికే పోతోందే అనిపించి పాట పెట్టాను. గమనించారా! డబ్బు పెట్టి కొన్న నిశ్శబ్దాన్ని మొదటి అవకాశంలోనే నా ఇష్టమైన చప్పుడుతో నింపుకున్నాను. కొంతసేపటికి అమ్మ అడిగింది, "హగరి వచ్చిందా?" అని. "అప్పుడే దాటినాం గదమ్మా" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. వంతెన మీది అతుకుల దగ్గర చక్రాలు చేసే టకటక, కిటికీలోంచి ఇసుక మీది గాలి, ఆమెకు హగరి అంటే అవే. చూపు మందగించిన మనిషికి దారి చెప్పేది చెవి. మాట వినిపించడం కోసం నేను ఆమెకు దారి వినిపించకుండా చేశాను.

అంతటితో అయిపోతే ఇది చిన్న విచారమే. ఆ తర్వాతి ప్రయాణంలో ఆలూరు ఇవతల చింతచెట్టు నీడ కనబడి, అమ్మకు మంచినీళ్ళిద్దామని కారు వెనక్కి తీశాను. వెనక అద్దంలో చూశాను, ఏమీ కనబడలేదు. గొర్రె అద్దానికి కింద ఉంటుంది. మంద రోడ్డు దిగుతోంది. కాపరి అరుస్తూనే ఉన్నాడట. అద్దాలు పైకి ఎత్తి ఉన్నాయి, ఏసీ నడుస్తోంది, పాట పాడుతోంది. నాకు తెలిసింది చక్రం కింద ఏదో మెత్తగా తగిలినప్పుడే.

గొర్రె చావలేదు. వెనకకాలు విరిగింది. ఆ కాపరి వయసు మళ్ళిన మనిషి, నా మీదికి రాలేదు. రెండు పుల్లలు విరిచి, తన తలగుడ్డ చించి, కాలికి కట్టుకట్టాడు. అంతా అయ్యాక తలెత్తి "అంత అరిసినా గదా సామీ, ఇనపళ్ళేదా?" అన్నాడు. అందులో కోపం లేదు, నిజంగానే అడిగాడు. నేను డబ్బు తీసి ఇచ్చాను. అతను అడిగినదానికంటే ఎక్కువే ఇచ్చాను. ఆ డబ్బు ఆ ప్రశ్నకు జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. కారెక్కాక అమ్మ అంది: "నాకు ఇనపడకపోతే వయసనుకో. నీకేమయిందిరా?"

అప్పటినుంచి ఈ ఆలోచన నన్ను వదలలేదు. తప్పు షీటుదని అనను. వెనక్కి తీసేముందు అద్దం దించి ఉండవలసింది, పాట ఆపవలసింది. కానీ ఆ రోజు నేను బుద్ధిపూర్వకంగా ఏ తప్పూ చెయ్యలేదు. అదే నన్ను భయపెట్టేది. నిశ్శబ్దం మెల్లగా నాకొక అలవాటు చేసింది: బయట ఏమీ లేదనుకునే అలవాటు.

జర్మన్ తత్త్వవేత్త షోపెన్‌హవర్ 1851లో అచ్చయిన పుస్తకంలో చప్పుళ్ళమీద ఒక వ్యాసం రాశాడు. ఇరుకు వీధుల్లో బండివాళ్ళు కొరడాలు ఝళిపించడం అతనికి నరకం. చప్పుడును ఎంత సహించగలిగితే అంత తెలివి తక్కువని అతని సిద్ధాంతం. ఫ్రెంచి నవలాకారుడు ప్రూస్ట్ 1910లో పారిస్‌లో తన పడకగది గోడలకు బెరడు బిళ్ళలు కొట్టించుకున్నాడు, వీధి మోత రాకుండా. ఆ గదిలో కూర్చుని గొప్ప నవల రాశాడు, కాదనను. ఉబ్బసం రోగి కూడా. రోగికి, రాత్రి డ్యూటీ చేసి పగలు నిద్రపోయేవాడికి, చదువుకునే పిల్లవాడికి, మా అమ్మలాంటి ముసలివాళ్ళకు నిశ్శబ్దం విలాసం కాదు, అన్నంలాంటి అవసరం. కానీ షోపెన్‌హవర్ వ్యాసం తలుచుకున్నప్పుడల్లా నాకు ఆ బండివాడు గుర్తుకొస్తాడు. చప్పుడు చేస్తున్నది పనిచేస్తున్నవాడు. నిశ్శబ్దం అడుగుతున్నది కూర్చున్నవాడు. ఇద్దరి మధ్యా న్యాయం తేల్చవలసినవాడు కూర్చున్నవాడే అయితే తీర్పు ఎటుంటుందో తెలిసిందే.

అలాగని చప్పుడును పొగడబోవడం లేదు. ఖనిజం లారీల కాలంలో నేను సండూరు వైపు ఒక బ్రాంచిలో పనిచేశాను. 2000 తర్వాత చైనాలో ఇనుపరాయికి గిరాకీ పెరిగి, మన కొండలు రాత్రింబగళ్ళు లారీలెక్కి పోయాయి. రోడ్డు పక్క ఇళ్ళల్లో అటకమీది గిన్నెలు రాత్రంతా వణికేవి. బ్యాంకుకు వచ్చే ఒక ఆడమనిషి, "బిడ్డ నిద్రపోయి ఎన్నాళ్ళయిందో సార్, మేము ఎర్రదుమ్ము తింటాం, లారీ సప్పుడు తాగుతాం" అంది. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు మించకూడదని 2000లోనే కేంద్రప్రభుత్వం నియమాలు చేసింది. ఆ కాగితానికి ఆ ఇంటి గోడదాకా దారి తెలియలేదు. అదే రోడ్డుమీద అద్దాలు బిగించిన పెద్దకార్లు పోయేవి. వాటి లోపల ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అని నేను కసిగా అనుకునేవాణ్ణి. 2011 జులైలో సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లాలో తవ్వకాలు ఆపింది, 2013లో షరతులతో కొన్ని గనులకు అనుమతి ఇచ్చింది. ఆ ఆపినకాలంలో సండూరు రోడ్డుమీద రాత్రిపూట కీచురాళ్ళు వినబడ్డాయి. అది ఎవరూ కొనుక్కోని నిశ్శబ్దం. చప్పుడు పుట్టినచోట ఆగితే, రోడ్డు పక్క గుడిసెకూ కారులోని దొరకూ ఒక్కలాగే వచ్చింది. అయితే దాని ఖర్చు మరొకచోట పడింది. లారీ కంతులు కట్టలేక మా కౌంటరు ముందు తలవంచుకుని నిలబడ్డ డ్రైవర్లనూ నేను చూశాను. అందుకే ఇందులో తేలికైన తీర్పు లేదంటాను.

ఒక్కటి మాత్రం తేలింది. నిశ్శబ్దం కొనుక్కోగలిగినవాడికి బయటి చప్పుడుతో తగువు తీరిపోతుంది. వాడు ఇక దాని గురించి అర్జీ పెట్టడు, పోట్లాడడు. పెద్దకార్లను చూసి కసిపడ్డ నేను, నా చిన్నకారులో సరిగ్గా ఆ పనే చేశాను. మేస్త్రీ మాట అక్కడ గుర్తుకొచ్చింది. నా తలుపు గిలగిల నాది. దాన్ని తీసెయ్యడం నా బాధ్యత, ఎవరికీ నష్టం లేదు, వెనక సీట్లో ఉన్నవాళ్ళకు మేలు. బ్యూటైల్ షీటు చేసేది ఆ పనే, బయటివాణ్ణి ఆపదు, నా రేకును ఊరుకోబెడుతుంది. అడ్డుగోడ అలా కాదు. లారీ మోతనూ కాపరి కేకనూ ఒకే త్రాసులో తూచి రెంటినీ బయట నిలబెడుతుంది. ఏది రానివ్వాలో ఏది వద్దో తెలుసుకునే శక్తి దానికి లేదు. అది నాకుండాలి.

ఈ పత్రిక చదివేవాళ్ళకు ఇంకొక మాట చెప్పాలనిపిస్తోంది. హద్దుకు ఇవతల ఉండిపోయిన తెలుగువాళ్ళం మనం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బజారులో ఉర్దూ. మనవళ్ళ తెలుగులో కన్నడం చొరబడుతోందని నా మిత్రుడొకాయన బాధపడుతుంటారు. బయటి మాట ఇంట్లోకి రాకుండా తలుపులు బిగించాలని ఆయన కోరిక. ఆ బాధ నాకూ ఉంది. కానీ మా తెలుగులో గిలగిలలాడుతున్న భాగాలు ఎవరు వదులు చేశారు? పిల్లలకు అక్షరాలు నేర్పనిది మేము. వాళ్ళతో కూర్చుని కథ చెప్పనిది మేము. అవి బిగించుకుందాం, దానికి వీధి తలుపు మూయనక్కరలేదు. ఈ ఊళ్ళోనే ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు తెలుగు నాటకాలు రాశారు. బళ్ళారి రాఘవ తెలుగులోనూ కన్నడంలోనూ నటించాడు. వాళ్ళ తెలుగు పక్కింటి మాట విన్నందువల్ల పలచబడలేదు.

చివరికి కారు సంగతి. మళ్ళీ షెడ్డుకు పోయి బరువైన వినైల్ తీయించేశాను. మేస్త్రీ నవ్వాడు, ఏమీ అనలేదు. బ్యూటైల్, ఫెల్టు ఉంచాను, అమ్మకు నా మాట వినబడాలి కదా. డిక్కీ నేలమీద కంబళి పరిచాను. బళ్ళారి పేరు పెట్టుకున్న గొర్రెజాతి ఒకటుంది. దాని ముతక ఉన్నితో కురుబలు నేసే కంబళి ఎండకూ వానకూ చలికీ పనికొస్తుంది, చప్పుడును కూడా బాగానే మింగుతుంది. దాన్ని పరుస్తుంటే ఆ విరిగిన కాలు గుర్తుకొస్తుంది. రావాలనే పరిచాను. వెనక్కి తీసేముందు పాట ఆపి, నాలుగు అద్దాలూ దించుతాను. ప్రయాణంలో కిటికీ రెండు వేళ్ళ సందు తెరిచే ఉంచుతాను. దుమ్ము వస్తుంది. మోత కొంత వస్తుంది. అమ్మ ఒకటి రెండుసార్లు "ఏమీ?" అంటుంది, నేను మళ్ళీ చెబుతాను. చెప్పడం విసుగైన రోజున కారు ఆపి, వెనక్కి తిరిగి, ముఖం చూపించి చెబుతాను. ఏ షీటూ చెయ్యలేని పని అదొక్కటి చేస్తుంది.

ఎంత నిశ్శబ్దం కావాలి అంటే ఇప్పటికి నాకు తోచే జవాబు ఇది: పక్కవాడి మాట వినబడేంత కావాలి, బయటివాడు పిలిస్తే పలకలేనంత వద్దు.

మొన్న సంక్రాంతికి ఆలూరు పోతున్నాం. అమ్మ కళ్ళు మూసుకుని ఉంది, నిద్రపోయిందనుకున్నాను. చక్రాల కింద టకటక మొదలైంది. కిటికీ సందులోంచి గాలి మారింది.

"హగరి" అంది అమ్మ, కళ్ళు తెరవకుండానే.